మాట మిగిలెను, వరుస పోయెను



కోనసీమలో వేకువజామున రామకోవెలయందు భజన వినిన పెద్దలు మీలో పెక్కురు కలరు. ఆ కీర్తననే పిమ్మట రేడియోలోనో, గ్రామఫోను రికార్డుమీదనో విని, "ఇది మా ఊరి వరుస కాదే!" అనుకొన్నవారును కొందఱుందురు. ఆ చిన్నమాటయందు మన సంగీతచరిత్రము చాల ఇమిడియున్నది. నేడు దానిని గూర్చి ముచ్చటింతము.

పాట కట్టినవానిని మన పూర్వులు వాగ్గేయకారుడనిరి. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున వాక్కును మాతువనియు, గేయమును ధాతువనియు చెప్పి, ఆ రెంటిని కూర్పగలవాడే వాగ్గేయకారుడని నిర్ణయించెను. మాతువనగా పాటలోని మాట, ధాతువనగా దాని వరుస. మాటను తాటియాకు మోయును. వరుసను మోయవలసినది మనుష్యుని గొంతు. గురువు గొంతునుండి శిష్యుని గొంతునకు చేరనినాడు వాగ్గేయకారునిలో సగము నశించినట్లే.

దీనికి అన్నమాచార్యునికంటె వేఱు నిదర్శనమక్కఱలేదు. 1408 మొదలు 1503 వఱకు జీవించిన ఆ మహనీయుడు 32,000 సంకీర్తనములు రచించెనని ప్రతీతి. అవి రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున శతాబ్దములకొలది పడియుండెను. నేటికి దొరకినవి అందు సగమునకును తక్కువ. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితుల శ్రమవలన 20వ శతాబ్దమున అవి లోకమునకు తెలిసినవి. కాని రేకులపై పాటకు రాగము పేరుండెనేగాని, వరుసను తెలుపు స్వరములు చాల వఱకు లేకపోయెను. అందుచే రాళ్లపల్లివారు పెక్కు పాటలకు స్వయముగా వరుసలు కూర్చిరి. పిఠాపురము దాపునగల కొత్తపల్లిలో జన్మించిన నేదునూరి కృష్ణమూర్తిగారును అట్లే చేసిరి. 1980 ప్రాంతమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి రికార్డులతో అన్నమయ్య పాట ఇంటింట మ్రోగెను. మనము వినునది అన్నమయ్య మాతువు, నేటివారి ధాతువు. ఇది కొఱత కాదు, ఎఱుగవలసిన నిజము.

త్యాగరాజస్వామి విషయము వేఱు. ఆయన 1847లో సిద్ధిపొందినను శిష్యుల గొంతులలో కృతులు నిలిచెను. మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ: ఇది తంజావూరి సీమనుండి తెలుగునాటికి దిగివచ్చిన వరుస. ఈ చివరివారు మన కోనసీమ బిడ్డయే. నాటి రాజోలు తాలూకా శంకరగుప్తమున 1930 జూలై 6వ తేదీన పట్టాభిరామయ్య, సూర్యకాంతమ్మ దంపతులకు జన్మించి, 2016 నవంబరు 22న పరమపదించిరి.

ఇక రికార్డుల సంగతి. మన దేశమున తొలి గ్రామఫోను రికార్డులు 1902లో కలకత్తాయందు తీయబడెను. నాటి రికార్డున ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములే పాట పట్టెడిది. పల్లవియు, అనుపల్లవియు, ఒక్క చరణమును పాడునంతలో సూది నడిమికి చేరెడిది. పది చరణముల కీర్తనకు అందు తావెక్కడిది? అమ్ముడుపోవలెనన్న పేరు మ్రోగినవారి పాటయే కావలెను. మఱుగుపడిన వాగ్గేయకారుడు మఱుగుననే మిగిలెను.

ఈ లోపమును కొంత తీర్చినది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. అచటి భక్తిరంజనివలన రామదాసు కీర్తనలును, ఊరూర బైరాగులు పాడుకొను తత్త్వములును తెల్లవాఱగనే ఇండ్లలో వినబడెను. ఆ పనిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారును, బాలమురళిగారును ముందు నిలిచిరి. రజనీకాంతరావుగారు 1958లో ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము ప్రకటించి, మఱచిన పేర్లెన్నిటినో మనకు మరల జ్ఞప్తికి తెచ్చిరి. బాలమురళిగారు కొన్ని కీర్తనలకు తామే వరుసలు కూర్చిరి. అవి నేడు ఊరూర పాడబడుచున్నవి.

ఇచట ఒక చిక్కు కలదు. రికార్డు ఒక వరుసను శాశ్వతము చేయును; దాని ప్రక్కనున్న పది ఊళ్ల వరుసలను మెల్లగా మాన్పించును. రేడియోలో వినినదే సరియైనదని తలచి, పిల్లలు తాతగారి వరుసను విడిచిపెట్టుదురు. రెండును పాటలేయని వారికి చెప్పువారుండవలెను.

మఱియొక నష్టమును కలదు. గోదావరి లంకలలోను, కోనసీమ గ్రామములలోను కలావంతుల కుటుంబములు క్షేత్రయ్య పదములను తరతరములుగా గొంతున నిలుపుకొనినవి. 1947 నాటి మదరాసు చట్టము దేవదాసీ వ్యవస్థను నిషేధించెను. ఆ దురాచారము పోవలసినదే. కాని దానితో ఆ స్త్రీల పాటకు వేదికయు పోయెను, గౌరవమును రాలేదు. పదము ఎట్లు సాగదీయవలెనో, ఎచట ఆగవలెనో పుస్తకము చెప్పదు, వారు చెప్పగలిగిరి. వారిలో ఎందఱి పాట రికార్డు కాకయే పోయెనో!

కావున పెద్దలకు నాదొక మనవి. మీ యింట అధ్యాత్మరామాయణ కీర్తనలు పాడు వృద్ధురాలు ఉన్నయెడల, మీ కోవెలలో పాత భజనవరుస తెలిసిన ముదుసలి ఉన్నయెడల, వారిని కూర్చుండబెట్టి పాడింపుడు. నేడు మీ మనుమని చేతి ఫోనే రికార్డు యంత్రము. మూడు నిమిషముల హద్దు దానికి లేదు. పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, ఎవరియొద్ద నేర్చినది చెప్పింపుడు. ఆ నాలుగు మాటలు లేనిచో మాతువెవరిదో, ధాతువెవరిదో రేపటివారికి తెలియదు. గొంతు బాగులేదని వారు సంకోచింపవచ్చును. మనకు కావలసినది గొంతు సొగసు కాదు, దానిలో దాగిన వరుస. వచ్చే ధనుర్మాసము వఱకు ఆగకుడు. ఈ వారమే పూనుకొనుడు.