హాలులో పన్ను, స్టూడియోకు రాయితీ

మద్యనిషేధం వల్ల తగ్గిన రాబడిని పూడ్చుకోవడానికి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం 1939లో తెచ్చిన అమ్మకపు పన్ను శాసనం ఆ ఏటి 9వ చట్టం కాగా, దాని వెనువెంటనే వచ్చిన 10వ చట్టం వినోదపు పన్నుకు సంబంధించినది. ప్రేక్షకుడు చెల్లించే ప్రవేశ రుసుములో సర్కారు వాటాను హాలు యజమాని టిక్కెట్టుతో పాటే వసూలు చేసి ఖజానాకు జమకట్టాలన్నది, ముద్ర పడిన టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపరాదన్నది ఇందులోని సారాంశం. యుద్ధ ఖర్చుల కోసం బ్రిటన్ 1916లో మొదలుపెట్టిన ఈ పన్నును బెంగాల్ 1922లో, బొంబాయి 1923లో అందుకున్నాయి. మద్రాసులో 1926 నుంచే స్థానిక సంస్థల స్థాయిలో ఇటువంటి శాసనం ఒకటి ఉంది. కల్లు మానిన ఊరి నుంచి ఆ లోటును సినిమా ద్వారా రాబట్టారన్న మాట.

ఆ చట్టానికి ముందటి ఏడాదే, అంటే 1938లో, చల్లపల్లి జమీందారు అండతో నడిచిన సారథీ ఫిల్మ్స్ పక్షాన గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'లో తెనాలి ప్రాంతపు కాంచనమాల నాయిక పాత్ర ధరించగా, తెనాలిలో వైద్యుడిగా పేరున్న గోవిందరాజుల సుబ్బారావు మరో ప్రధాన పాత్ర పోషించారు. ఆ తరువాత విజయా సంస్థకు వెన్నెముకగా నిలిచిన చక్రపాణి తెనాలి వారు. ఆ చుట్టుపక్కల మోరంపూడి నుంచి జగ్గయ్య, రావికంపాడు నుంచి గుమ్మడి, తెనాలి నుంచే శారద, బుర్రిపాలెం నుంచి కృష్ణ వంటి నటులు మద్రాసు వెళ్లి స్థిరపడ్డారు. తెనాలి, బాపట్ల మీదుగా మద్రాసు పోయే ప్రధాన రైలుమార్గం ఉండడంతో ప్రయాణం కష్టమేమీ కాలేదు గాని, పోయిన వారి వెంట చిత్రనిర్మాణపు ఖర్చు కూడా అక్కడికే పోయింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం అవతలే ఉండిపోవడంతో ఒక విచిత్ర స్థితి తలెత్తింది: తెనాలి, రేపల్లె హాళ్లలో టిక్కెట్టు పన్ను తెలుగు ప్రభుత్వానికి, ఆ చిత్రాల సెట్టింగులు, కూలీలు, కెమెరాల అద్దె తాలూకు వ్యాపారం మద్రాసుకు.

ఈ ఖర్చును తమ నేలకు రప్పించుకోవడానికి ప్రపంచంలో ఎన్నో ప్రభుత్వాలు ఎంచుకున్న మార్గం పన్ను జమ. నిర్మాత ఆ రాష్ట్రంలో చేసిన ఖర్చులో ఇంత శాతమని లెక్కగట్టి, అతడు కట్టవలసిన పన్నులో ఆ మేరకు తగ్గించడం, పన్ను బాకీయే లేకపోతే ఆ హక్కును మరొకరికి అమ్ముకోనివ్వడం దీని పద్ధతి. అమెరికాలో లూసియానా 2002లో దీనిని విస్తరించగా, జార్జియా 2008 నుంచి కనీసం 5 లక్షల డాలర్లు ఖర్చుపెట్టిన వారికి 20 శాతం, చిత్రంలో తమ రాష్ట్ర చిహ్నం చూపితే మరో 10 శాతం ఇస్తూ వచ్చింది. తెలుగునాట ఎన్నుకున్న దారి వేరు. నిర్మాణపు ఖర్చును లెక్కించే అలవాటు మన ప్రభుత్వాలకు పెద్దగా ఉండేది కాదు. వాటి చేతిలో ఉన్న తాళంచెవి టిక్కెట్టు ఒక్కటే కనుక రాయితీలన్నీ చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి. హైదరాబాదులో సారథీ స్టూడియో 1950ల చివరికి తయారై, 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడి, 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ మీదట కృష్ణ కుటుంబం వారి పద్మాలయా, రామానాయుడు స్టూడియో వచ్చేసరికి స్థలాలు, నగదు ప్రోత్సాహకాలు తోడై మద్రాసులోని తెలుగు పరిశ్రమ తరలివచ్చింది. వచ్చింది హైదరాబాదుకే, తెనాలికి కాదు.

హాళ్ల యజమానులను ఎక్కువగా కుదిపిన మార్పు 1984 జనవరి 1న అమలులోకి వచ్చిన స్లాబు విధానం. సినిమా నటుడే ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఇది రావడం గమనించదగ్గది. అంతకు ముందు అమ్ముడైన టిక్కెట్టు మీద పన్ను ఉండేది. ఇప్పుడు సీట్లన్నీ నిండితే ఒక ఆటకు ఎంత వసూలవుతుందో ఆ పూర్తి వసూలు సామర్థ్యం మీద, ఊరి తరగతిని బట్టి, హాలు ఏసీనా, శాశ్వతమా, టూరింగా అన్నదానిని బట్టి శాతం నిర్ణయించారు. ఉదాహరణకు నిండితే 1,000 రూపాయలు వచ్చే హాలులో ఒక మధ్యాహ్నం ఆటకు 300 మాత్రమే వసూలైనా పన్ను లెక్క 1,000 మీదే పడుతుంది. కొత్త బొమ్మ పడే 'ఏ' సెంటరుకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోయినా, పాత ప్రింట్లతో నెట్టుకొచ్చే సి సెంటరు హాలుకు ఖాళీ కుర్చీ కూడా పన్ను కట్టే కుర్చీయే అయింది. ఒకే తరగతి ఊళ్లలోని హాళ్లన్నింటినీ ఒకే గాట కట్టడం సమానత్వానికి విరుద్ధమని వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 1993లో తోసిపుచ్చింది. పన్నుల వర్గీకరణలో శాసనసభకు విస్తృతమైన స్వేచ్ఛ ఉందన్నది ఆ తీర్పు సారం.

ఆ స్వేచ్ఛకూ హద్దుంది. తెలుగు చిత్రాలకు 10 శాతం, ఇతర భాషా చిత్రాలకు 24 శాతం పన్ను విధించిన ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వును ఆశీర్వాద్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 2007లో కొట్టివేసి, భాషను మాత్రమే ఆధారం చేసుకున్న ఈ తేడా రాజ్యాంగపు 14వ అధికరణకు నిలవదని తేల్చింది. బాక్సాఫీసు లెక్కలతో పని లేని పాఠకుడు కూడా గమనించవలసింది ఇక్కడ ఒకటుంది: ఆ రాయితీ షరతు చిత్రం ఎక్కడ తీశారన్నది కాదు, ఏ భాషలో తీశారన్నది.

1996లో తెనాలి నుంచి శారద, 1999లో బాపట్ల నుంచి కారంచేడుకు చెందిన రామానాయుడు లోక్‌సభకు ఎన్నికయ్యారు. అయితే వినోదాల మీద పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని 62వ అంశం కావడంతో, సినిమావారు సినిమావారి ఊళ్ల నుంచే ఢిల్లీ వెళ్లినా ఆ పన్ను సంగతి అక్కడ తేలేది కాదు. రాష్ట్రం మాత్రం ఇష్టమైన చిత్రానికి మినహాయింపు ఇవ్వగలిగేది. 2017 సంక్రాంతికి విడుదలైన 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి రెండు తెలుగు రాష్ట్రాలూ అలాగే ఇచ్చాయి.

ఆ ఏడాది జూలై 1న జీఎస్టీ రావడంతో 1939 నాటి పాత చట్టం పని అయిపోయింది. మొదట 100 రూపాయల లోపు టిక్కెట్టుకు 18 శాతం, ఆపైన 28 శాతంగా ఉన్న రేట్లు 2019లో 12, 18కి దిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల వరకు 5 శాతమే. అందులో సగమే రాష్ట్రానిది కనుక మాఫీ చేయడానికి దాని చేతిలో మిగిలింది స్వల్పం. టిక్కెట్టు ధర మీది అధికారం మాత్రం చెక్కుచెదరలేదు. 2021 ఏప్రిల్‌లో గ్రామ పంచాయతీలోని ఏసీ లేని హాలులో అన్నింటికన్నా తక్కువ తరగతికి 5 రూపాయలని నిర్ణయించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2022 మార్చి 7న ఇచ్చిన 13వ నంబరు ఉత్తర్వులో కనీస ధరను 20 రూపాయలకు పెంచి, ఒక కొత్త షరతు చేర్చింది: కథానాయకుడు, నాయిక, దర్శకుడి పారితోషికాలు తీసివేయగా ఖర్చు 100 కోట్లు దాటిన చిత్రం విడుదలైన మొదటి 10 రోజులు అదనపు ధర వసూలు చేయాలంటే, చిత్రీకరణలో కనీసం 20 శాతం ఆంధ్రప్రదేశ్‌లో జరగాలి.

చిత్రీకరణ జరిగిన స్థలానికీ రాయితీకీ ముడిపెట్టడంలో ఇది జార్జియా పద్ధతికి దగ్గర చుట్టమే. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరమో, రేపల్లె దిగువన నిజాంపట్నం రేవో ఆ 20 శాతంలోకి రావచ్చు. కాకపోతే జార్జియాలో ప్రోత్సాహకపు భారం పడేది ఖజానా మీద. ఇక్కడ నిర్మాతకు దక్కే అదనపు సొమ్ము మొదటి 10 రోజుల్లో తెనాలి హాలు కౌంటరు దగ్గర నిలబడే ప్రేక్షకుడి జేబులోంచి వస్తుంది.