ప్రాపుగా నిలిచినవాడు



రగ్బీ మన ఆట కాదు. అయినా ఈ వారం ఒక రగ్బీ ఆటగాడి సంగతి చెప్పుకుందాం. ఆయన్ను అడిగిన ప్రశ్న మనల్నీ తరచుగా అడిగేదే మరి.

పేరు తెండాయ్ ముతవారిరా. షోనా భాషలో తెండాయ్ అంటే కృతజ్ఞత చెప్పండి అని. 1985లో జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టాడు. చిన్ననాడే అంటిన మారుపేరు 'బీస్ట్'. చదువు అయ్యాక దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరి షార్క్స్ జట్టులో ఆడాడు. అక్కడి కోచ్ డిక్ మ్యూర్ ఆయన్ను ప్రాప్ స్థానానికి మార్చాడు.

ప్రాప్ అంటే స్క్రమ్‌లో ముందు వరుస మనిషి. ఎనిమిది మంది ఒకవైపు, ఎనిమిది మంది మరోవైపు తలలు వంచి, భుజాలు కలిపి తోసుకుంటారు. ఒక్కోవైపు బరువే ఎనిమిది క్వింటాళ్లు దాటుతుంది. ఆ ఒత్తిడంతా మెడమీద, వెన్నుమీద మోసేవాడు ప్రాప్. మన 'ప్రాపు'కూ ఆ మాటకూ చుట్టరికం లేదు గానీ, పని మాత్రం ఒకటే.

2008లో వేల్స్‌పై తొలి టెస్టు. 2009లో డర్బన్‌లో బ్రిటిష్ లయన్స్‌తో ఆడినప్పుడు పేరున్న ఫిల్ వికరీని స్క్రమ్ తర్వాత స్క్రమ్‌లో వెనక్కి నెట్టాడు. స్టేడియమంతా 'బీ...స్ట్' అని మారుమోగింది.

ఆ మరుసటి ఏడాదే, 2010లో, పౌరుడు కానివాడు దేశం తరఫున ఎలా ఆడతాడని ప్రభుత్వ వర్గాలు నిలదీశాయి. రగ్బీ నిబంధనల ప్రకారం అప్పట్లో మూడేళ్ల నివాసం చాలు. అయినా కాగితం కావాలన్నారు. ఆ ఏడాదే పౌరసత్వం వచ్చింది. గుండెదడ కూడా ఆయన్ను ఒకటికి రెండుసార్లు ఆసుపత్రి పాలు చేసింది. చికిత్స చేయించుకుని మళ్లీ స్క్రమ్‌లోకే వచ్చాడు.

2018లో నూరో టెస్టు. 2019 నవంబరు 2న యోకొహామాలో ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండ్ ప్రాప్ సింక్లర్ మూడో నిమిషంలోనే దెబ్బ తగిలి తప్పుకుంటే డాన్ కోల్ వచ్చాడు. ముతవారిరా ఆయనకు ఊపిరి సలపనివ్వలేదు. స్క్రమ్‌లలో పెనాల్టీలు వరసగా దక్కాయి. 32-12తో కప్పు దక్షిణాఫ్రికాది. అదే ఆయన 117వ టెస్టు, ఆఖరిది కూడా.

తర్వాత అమెరికాలో ఓల్డ్ గ్లోరీ జట్టులో చేరాడు. కరోనాతో 2020 సీజన్ ఆగిపోయింది, ఆటకు పూర్తిగా వీడ్కోలు చెప్పాడు. ఇప్పుడు తన ఫౌండేషన్ ద్వారా పేద పిల్లల చదువుకూ ఆటలకూ తోడ్పడుతున్నాడు.

హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో తరాలుగా ఉన్న మనల్ని ఇప్పటికీ 'మీ అసలు ఊరేది?' అంటారు. కప్పు గెలిచాక ముతవారిరా అందరివాడయ్యాడు, సంతోషమే. కానీ కాగితం రాకముందు కూడా ఆ జట్టు బరువు మోసింది ఆ మెడే కదా. ఉన్న ఊరి బరువు మోసేవాడు ఆ ఊరివాడే. అందుకు కప్పు గెలిచి చూపించాల్సిన పని లేదు. ఈ మాట మన పిల్లలకు చెబుదాం. నిన్నగాక మొన్న మన వీధికి బతకడానికి వచ్చినవాళ్ల విషయంలో మనమూ గుర్తుంచుకుందాం.