దెబ్బ ఒకచోట, మోత ఇంకోచోట: ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో హడావుడిగా దాటిపోయిన సంగతులు, సంవత్సరాలు, బిగింపు వివరాలు ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ అయ్యాక రూమ్‌లో తీరిగ్గా చదువుకోండి.

మామూలు డ్రమ్ములో దెబ్బ ఎక్కడ పడుతుందో మోత అక్కడే పుడుతుంది. ఎలక్ట్రానిక్ డ్రమ్ములో అలా కాదు. దెబ్బ రబ్బరు ప్యాడ్ మీద పడుతుంది, మోత పక్కనున్న డబ్బాలో పుడుతుంది. మధ్యలో ఒక కేబుల్. దెబ్బ, మోత ఇలా విడిపోవడానికి దగ్గర దగ్గర వందేళ్లు పట్టింది. దాంతో మనకొచ్చిన సుఖం ఏంటి, డ్రమ్ము మీద బతికేవాడికి జరిగిందేంటి, రెండూ చూద్దాం.

ముగ్గురి పని ఒక్కడికి

నేనుండే షామ్‌బర్గ్ ఊరు చికాగోకి వాయవ్యంగా సుమారు 30 మైళ్లు. డ్రమ్ సెట్ కథలో చికాగోది పెద్ద భాగం. వందేళ్ల కింద బ్యాండుల్లో పెద్ద డ్రమ్ము ఒకరు, చిన్న డ్రమ్ము ఒకరు, తాళాలు ఇంకొకరు వాయించేవాళ్లు. నాటకశాలల్లో జాగా తక్కువ, జీతాలిచ్చే యజమానికి డబ్బు మీద ప్రీతి ఎక్కువ. అందుకని ఒక్కడే కర్రని పెద్ద డ్రమ్ము మీదికీ చిన్న డ్రమ్ము మీదికీ తిప్పుతూ తంటాలు పడేవాడు. కాలితో కొట్టే పెడల్స్ అప్పటికే ఉన్నాయి గానీ వేగం అందుకునేవి కావు. 1909లో చికాగోలో విలియం లుడ్విగ్, ఆయన తమ్ముడు థియోబాల్డ్ కలిసి వేగంగా కొట్టగలిగే పెడల్ తయారు చేసి కంపెనీ పెట్టారు. తర్వాత 1920ల్లో రెండు తాళాలని కాలితో మూసి తెరిచే హై-హ్యాట్ స్టాండ్ వచ్చింది. ఒక మనిషి స్టూల్ మీద కూర్చుని రెండు చేతులు, రెండు కాళ్లతో ముగ్గురి పని చేయడం అలా మొదలైంది.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 1927 తర్వాత మాటల సినిమాలు వచ్చాయి. అంతకుముందు మూకీ సినిమాకి తెర ముందు కూర్చుని వాయించే బృందాలు ఉండేవి. సంగీతం రీలులోనే వచ్చేయడంతో అమెరికాలో వేల మంది థియేటర్ వాద్యగాళ్ల పని పోయింది. 1929లో విలియం లుడ్విగ్ కంపెనీ అమ్మేశారు. మోత వాయించే మనిషిని వదిలి వేరే చోటికి పోవడం అంటే ఏంటో అప్పుడే తెలిసొచ్చింది.

తోలు పోయింది

రెండో మెట్టు తోలు. దూడతోలు వాన గాలికి సాగిపోతుంది, ఎండకి బిగుసుకుంటుంది. మన డప్పుని వాయించే ముందు మంట సెగకి కాచేది ఇందుకే. 1957లో రెమో బెల్లి అనే అమెరికా డ్రమ్మర్ పాలిస్టర్ ఫిల్ముతో చేసిన డ్రమ్ పైపొరని అమ్మకానికి తెచ్చాడు. దానికి చలీ ఎండా లెక్కలేదు. ఇప్పుడు మన ఊళ్లలో కూడా బోల్టులు బిగించే ప్లాస్టిక్ డప్పులు కనపడుతున్నాయి. వాటిని సెగకి కాచే పనే లేదు.

గ్యాస్ లైటర్‌లో ఉన్న కిటుకు

మూడో మెట్టు దెబ్బని కరెంటుగా మార్చడం. 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలని నొక్కితే వాటి మీద విద్యుదావేశం పుడుతుందని కనిపెట్టారు. దీన్నే పీజో గుణం అంటారు. వంటింట్లో టక్‌మని నొక్కితే నిప్పురవ్వ వచ్చే గ్యాస్ లైటర్‌లో పనిచేసేది ఇదే. డ్రమ్ ప్యాడ్ లోపల రూపాయి బిళ్లంత పీజో బిళ్ల అంటించి ఉంటుంది. కర్ర దెబ్బకి ప్యాడ్ అదురుతుంది, బిళ్ల చిన్న వోల్టేజీ ఇస్తుంది. దెబ్బ గట్టిదైతే వోల్టేజీ ఎక్కువ. అంతే సంగతి.

ఈ గుణం తిరగేసి కూడా పనిచేస్తుంది. బిళ్లకి కరెంటు ఇస్తే అది అదిరి శబ్దం చేస్తుంది. 1970ల్లో మోటరోలా కంపెనీ ఈ పద్ధతిలో పీజో ట్వీటర్లు, అంటే కీచు శబ్దాలకి వాడే చిన్న స్పీకర్లు చేసింది. ఆ కంపెనీ 1928లో చికాగోలో పుట్టింది, 1976లో హెడ్డాఫీసుని మా షామ్‌బర్గ్‌కి మార్చింది. ట్వీటర్ తయారైంది ఈ ఊళ్లో కాదు గానీ, ఆ కంపెనీ పెద్దలు కూర్చున్న ఊరు ఇదే. ట్వీటర్‌లో కరెంటు మోతగా మారితే, డ్రమ్ ప్యాడ్‌లో దెబ్బ కరెంటుగా మారుతుంది. ఒకటే బిళ్ల, రెండు దారులు.

డబ్బా పుట్టుక

ఇక మోత పుట్టే డబ్బా. దీన్ని మాడ్యూల్ అంటారు. జపాన్‌కి చెందిన ఇకుతారో కకెహాషి 1964లో అమెరికా వాద్యాల ప్రదర్శనకి ఒక పెట్టె తెచ్చాడు. బటన్ నొక్కితే డ్రమ్ము శబ్దం వచ్చేది. అది అమ్మకానికి రాలేదు. ఆయనే 1972లో ఒసాకాలో రోలాండ్ కంపెనీ పెట్టాడు. 1976లో అమెరికాలో సిన్‌డ్రమ్ వచ్చింది. 1981లో ఇంగ్లండ్ నుంచి సిమన్స్ కంపెనీ ఆరు మూలల ప్యాడ్ల కిట్ వచ్చింది. చూడ్డానికి భలే ఉండేది. కానీ ప్యాడ్ పైన గట్టి పాలీకార్బొనేట్ పలక. సిమెంటు గచ్చు మీద కొట్టినట్టే, మణికట్లు నొప్పి పుట్టేవి.

అప్పటిదాకా డబ్బాలో శబ్దం సర్క్యూట్లు పుట్టించిందే. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ మెషీన్ అసలు డ్రమ్ములని రికార్డు చేసి ఆ శబ్దాన్ని చిప్‌లో దాచింది. దీన్ని శాంపిల్ అంటారు. వాద్యగాళ్లకి భయం పట్టుకుంది. 1982లో బ్రిటన్ సంగీతకారుల యూనియన్ లండన్ శాఖ ఒకటి సింథసైజర్లని, డ్రమ్ మెషీన్లని నిషేధించాలని తీర్మానం చేసింది. మెషీన్లు ఆగలేదు. 1983లో మిడీ అనే ఉమ్మడి భాష వచ్చింది. ఒక కంపెనీ ప్యాడ్ మీద కొట్టి ఇంకో కంపెనీ డబ్బాలో మోత తెప్పించొచ్చు. 1985లో రోలాండ్ ఆక్టాప్యాడ్ వచ్చింది. ఒకే పలక మీద ఎనిమిది ప్యాడ్లు, చంకలో పెట్టుకుని పోవచ్చు. మన ఆర్కెస్ట్రాల్లో ‘ప్యాడ్స్’ అనేది ఈ కుటుంబాన్నే. పెళ్లి స్టేజీ మీద తబలా, డోలక్, డప్పు, డ్రమ్స్ అన్నీ ఒక్కడి చేతిలోకి వచ్చాయి. చికాగో పెడల్ ముగ్గురి పని ఒక్కడికిస్తే ఇది ఇంకా ఎక్కువ మంది పని ఒక్కడికిచ్చింది.

1997లో రోలాండ్ టీడీ-10 కిట్‌తో సన్నటి వల పైపొర వచ్చింది. అందులో రెమో కంపెనీ చెయ్యి కూడా ఉంది. వల గాలిని నెట్టదు కాబట్టి చప్పుడు తక్కువ, కర్ర మాత్రం అసలు డ్రమ్ము మీద ఎగిరినట్టే ఎగురుతుంది. మణికట్టు నొప్పి తగ్గింది. ఇవాళ చవక కిట్లకి కూడా వల ప్యాడ్లే.

కొని తెచ్చాక బిగింపు

ముందు ర్యాక్ నిలబెట్టండి. పైపుల క్లాంపులన్నీ గట్టిగా బిగించాకే ప్యాడ్లు ఎక్కించండి. వల పైపొరకి చుట్టూ బోల్టులుంటాయి. పైపు ఫ్లాంజ్ బోల్టులు బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. ఒకే వైపు బిగిస్తే వల వంకర లాగుతుంది, దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా తగులుతుంది. కేబుళ్లన్నీ ఒకే కట్టగా వస్తాయి, దేనికది పేరు రాసి ఉంటుంది. పేరు చూసి పెడితే చాలు.

కొనేటప్పుడు అడగాల్సినవి మూడు. స్నేర్ ప్యాడ్‌కి మధ్యలోనూ అంచులోనూ వేరు వేరు శబ్దం వస్తుందా? సింబల్ అంచు చేత్తో పట్టుకుంటే మోత ఆగుతుందా? హై-హ్యాట్ పెడల్ తెరిచీ మూసీ రెండే శబ్దాలిస్తుందా, మధ్య స్థాయిలు కూడా ఇస్తుందా? ధర తేడా ఎక్కువగా ఇక్కడే.

తర్వాత మాడ్యూల్ సెట్టింగులు. సెన్సిటివిటీ అంటే ఎంత దెబ్బకి ఎంత మోత ఇవ్వాలన్నది. మీరు మామూలుగా కొట్టే గట్టి దెబ్బకి గరిష్ఠ మోత వచ్చేలా పెట్టుకోండి. థ్రెషోల్డ్ అంటే దీనికంటే చిన్న అదురుని లెక్కలోకి తీసుకోవద్దు అని చెప్పడం. మరీ పెంచితే మెత్తని దెబ్బలు మాయమవుతాయి. స్నేర్ కొడితే పక్కనున్న టామ్ కూడా మోగుతోందంటే అది క్రాస్‌టాక్, అదురు పైపు గుండా పోతోందన్నమాట. ముందు క్లాంపు చూడండి, ఆ తర్వాతే సెట్టింగు. ఒక్క దెబ్బకి రెండు మోతలు వస్తే రీట్రిగ్గర్ సర్దాలి.

హెడ్‌ఫోన్ వైరుదే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. పది మిల్లీసెకన్లు ఆలస్యమైతే డ్రమ్ము మీకు పదకొండు అడుగుల దూరంలో మోగినట్టు. బ్లూటూత్ ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు. దాంతో తాళం నిలవదు.

ఊరికి తీసుకెళ్లాలనుకుంటే అడాప్టర్ మీద రాసింది చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పిన్ను మారిస్తే చాలు. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టొద్దు, మాడిపోతుంది. వోల్టేజీ, కరెంటు, ప్లస్ మైనస్ సరిపోయే వేరే అడాప్టర్ కొనండి.

కింది ఇంటాయన సంగతి

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదని అనుకోవద్దు. మోత చెవిలో ఉన్నా కాలి దెబ్బ మాత్రం నేలలోకే పోతుంది. బిల్డింగ్ పనిలో ఉన్నవాళ్లకి ఇది తెలిసిన సంగతే. మాటలు, పాటలు గాలిలో వస్తాయి, బరువైన గోడ వాటిని ఆపుతుంది. దెబ్బ అలా కాదు, కట్టడంలోంచే పోతుంది. ఇక్కడ షామ్‌బర్గ్ చుట్టుపక్కల చాలా అపార్టుమెంట్లు చెక్క దూలాల మీద కట్టినవి, పెడల్ దెబ్బకి కింది సీలింగే స్పీకరవుతుంది. గల్ఫ్‌లో కాంక్రీటు స్లాబు ఉంది కదా అంటారేమో. స్లాబు మాటల్ని బాగానే ఆపుతుంది గానీ పైన మెత్తటి పొర లేకపోతే దెబ్బని దూరం దాకా మోసుకుపోతుంది. అమెరికా బిల్డింగ్ కోడ్‌లో అందుకే గాలి శబ్దానికి వేరు కొలత, దెబ్బ శబ్దానికి వేరు కొలత. ఇళ్ల మధ్య ఫ్లోరుకి రెండూ 50 ఉండాలని చెబుతుంది. ఆ 50 అడుగుల చప్పుడుకి సరిపోతుందేమో గానీ అరగంట సేపు పెడల్ తొక్కితే చాలదు.

మందు ఒక్కటే, దెబ్బకీ నేలకీ సంబంధం తెంచడం. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు వరసగా పెట్టి, కింది పలకకి గుంటలు కొట్టి అవి దొర్లకుండా చేసి, పైన కార్పెట్ వేసి కిట్ పెట్టండి. బరువు అన్ని బంతుల మీదా సమంగా పడాలి. దాంతో చప్పుడు బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. క్యాంపు రూములో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న తమ్ముడుంటాడు. అతన్ని ఒక మాట అడిగే మొదలుపెట్టండి.

బటన్‌లో డప్పు ఉంది, మనిషేడి?

1969లో ‘ఆమెన్, బ్రదర్’ అనే పాటలో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ కొన్ని సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్క శాంపిలై వేల పాటల్లోకి పోయింది. దానికి ఆయనకి రాయల్టీ ఏమీ రాలేదు. 2006లో చనిపోయేనాటికి ఆయనకి ఉండడానికి ఇల్లు కూడా లేదు.

మన డప్పుకీ ఇదే ముప్పు. డప్పు మాదిగల చేతి వాద్యం. చావుకి, జాతరకి, చాటింపుకి వాళ్లే కావాలి, పనయ్యాక మాత్రం దూరంగా నిలబెట్టేవాళ్లు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పుని భుజానికెత్తుకుని ఆత్మగౌరవానికి గుర్తుగా చేసింది. ఇవాళ అమెరికాలో పెళ్లయినా, దుబాయ్‌లో బతుకమ్మయినా ప్యాడ్ మీద బటన్ నొక్కితే డప్పు మోగుతుంది. ఆ దరువు ఏ ఊరిదో, కొట్టిందెవరో ఎవరూ అడగరు.

ప్యాడ్ మానేయమని నేను చెప్పను. పది మందితో ఉండే గదిలో మనకి దొరికేది ఇదే. అయితే ఒక పని చేయొచ్చు. శాంప్లింగ్ ప్యాడ్లలో మన సొంత రికార్డింగులు ఎక్కించుకోవచ్చు. ఈసారి సెలవుకి పోయినప్పుడు మీ ఊరి డప్పు కళాకారుణ్ణి అడగండి. సిర్రతో ఒక్కో దెబ్బ, సిటికెన పుల్లతో ఒక్కో దెబ్బ, మెల్లగా, గట్టిగా, విడివిడిగా కొట్టించుకుని ఫోన్‌లోనైనా రికార్డు చేసుకోండి. ఒక రోజు కూలీ కంటే ఎక్కువే ఇవ్వండి. దేనికి వాడతారో చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే తీసుకోండి. ఫైలుకి ‘డప్పు 1’ అని కాకుండా ఆయన పేరు, ఊరి పేరు పెట్టండి. స్టేజీ మీద వాయించినప్పుడు ఆ పేరు మైకులో చెప్పండి.

సెట్టింగుల్లో ఎక్కడైనా ఆగిపోతే మాడ్యూల్ మోడల్ నంబరుతో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.