అనుమానితుల రిజిస్టరు: హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల నూరేళ్లు

హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, నపుంసకుల చట్టం అమల్లోకి వచ్చింది. నగరంలో ఉండే నపుంసకులలో పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అంగచ్ఛేదం చేస్తారనో, ప్రకృతి విరుద్ధ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లు, చిరునామాలు ప్రభుత్వం ఒక రిజిస్టరులో రాయించాలి. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. రిజిస్టరులో పేరున్న మనిషి చీర కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా, వాద్యం వాయించినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ల లోపు అబ్బాయి వారి ఇంట్లో ఉన్నా అంతే శిక్ష. నపుంసకుడంటే ఎవరో వైద్య పరీక్షతో తేల్చవచ్చని కూడా చట్టమే చెప్పింది. బట్ట కట్టుకోవడం, పాట పాడటం, పిల్లవాణ్ణి చేరదీయడం నేరాలైపోయాయి. మనుషుల మనసులో ఉన్న ఏవగింపును ప్రభుత్వం సెక్షన్ల వారీగా రాసిపెట్టిందనే అనాలి.

అంతకుముందు ఈ నగరంలో వారికి చోటు లేకపోలేదు. ఆసఫ్‌జాహీ నిజాంల జనానాల్లో ఖ్వాజాసరాలు (అంతఃపుర నపుంసక సేవకులు) నమ్మకమైన కొలువుల్లో ఉండేవారు. పెళ్లిళ్లకు, పురుళ్లకు వచ్చి పాడి దీవించి బధాయి (శుభకార్యపు కానుక) పుచ్చుకోవడం హిజ్రాల వృత్తి. జంట నగరాల్లో వారివి రెండు ఇళ్లు: సికింద్రాబాద్ వైపువారు లష్కర్‌వాలాలు, పాత నగరం వైపువారు షహర్‌వాలాలు. గురువు, చేలా (శిష్యులు) అన్న బంధం మీద ఆ ఇళ్లు నడిచేవి. తెలుగు హిందూ కుటుంబాల్లో పుట్టినవారు కూడా ఆ ఇళ్లలో చేరి ముస్లిం ఆచారాలు పాటించడం మామూలు. తెలంగాణ పల్లెల్లో మరో దారి ఉంది. బోనాల్లో, మల్లన్న జాతరల్లో శివసత్తులుగా పూనకం వచ్చి ఆడేవారిలో ఇలాంటివారూ ఉంటారు. ఆ పూటకు జనం వాళ్ల కాళ్లు మొక్కుతారు, జాతర అయిపోయాక అదే జనం వాళ్లకు ఇల్లు అద్దెకివ్వరు.

నిజాం చట్టానికి మూలం బ్రిటిష్ ఇండియాలో ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండో భాగంలో నపుంసకుల రిజిస్టరు, ఆడ దుస్తులకు శిక్ష, రెండేళ్ల జైలు దాదాపు ఇవే మాటల్లో కనిపిస్తాయి. స్వతంత్ర భారతం 1952లో నేరస్థ తెగల చట్టాన్ని ఎత్తేసింది. హైదరాబాద్ చట్టం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1948లో సంస్థానం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ప్రతిసారీ చట్టం పేరు ముందు రాష్ట్రం పేరు మారిందే తప్ప లోపలి మాట మారలేదు.

మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించేనాటికి కూడా ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. తర్వాతి కొన్నేళ్లకే ఆ ప్రాంతానికి సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లకు వచ్చి చేరారు. ఏ భాషవారైనా, ఏ మతంవారైనా పక్కపక్క సీట్లలో కూర్చుని పనిచేయడం ఈ ఐటీ కారిడార్‌లో సహజమైంది. అయితే ఆ అద్దాల మేడల ఎదుట సిగ్నళ్ల దగ్గర చేయి చాచే హిజ్రాలకు, లోపల పనిచేసేవారికి మధ్య ఉన్న దూరం తగ్గలేదు. సర్టిఫికెట్లలో ఒక పేరు, మనిషిది మరో పేరు అయినప్పుడు ఉద్యోగ దరఖాస్తు మొదటి మెట్టులోనే ఆగిపోయేది. 2011 జనగణన తొలిసారి స్త్రీ, పురుష గడుల పక్కన ‘ఇతరులు’ అన్న గడి పెడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అందులో నమోదయ్యారు.

మార్పు కాలం గడిచి దానంతటదే రాలేదు, కొట్లాడితే వచ్చింది. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల అథారిటీ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనన్నది. అయినా హైదరాబాద్‌లో పాత చట్టం అలాగే ఉంది. తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితికి చెందిన వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్లారు. ఆ చట్టం కింద చర్యలేవీ తీసుకోవద్దని కోర్టు ఆ ఏడాదే మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెద్దల ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలను భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుంచి తప్పించింది. చివరికి 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి, ఆత్మగౌరవానికి అది విరుద్ధమని తేల్చింది. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్, ఆసరా పింఛను కల్పించాలని కూడా ఆదేశించింది. నూరేళ్లు దాటిన చట్టం అలా పోయింది.

తీర్పు కన్నా రెండేళ్ల ముందే, చట్టం ఇంకా పుస్తకాల్లో ఉండగానే, సైబరాబాద్ పోలీసులు ఒక మంచి పని చేశారు. 2021 మార్చిలో, కమిషనర్‌గా వి.సి. సజ్జనార్ ఉన్నప్పుడు, గచ్చిబౌలి పోలీస్ స్టేషన్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక డెస్కు తెరిచారు. దేశంలో ఇలాంటిది మొదటిదని అప్పట్లో ప్రకటించారు. అక్కడ పోలీసు అధికారితో పాటు ట్రాన్స్‌జెండర్ సమాజం నుంచి వచ్చిన సమన్వయకర్త కూడా కూర్చుంటారు. ఫిర్యాదు వినేచోట తమలాంటి మనిషి ఉండటం ఎంత తేడా చేస్తుందో, స్టేషన్ గడప తొక్కితే తిట్లు తినే రోజులు చూసినవారికి తెలుసు. ఒకప్పుడు పోలీసు చేతిలోని కాగితం వారి పేర్లు అనుమానితుల కింద రాసుకోవడానికి ఉంటే, ఇక్కడ అదే కాగితం వారి మాట నమోదు చేయడానికి ఉంది. 2022లో రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగం ‘ప్రైడ్ ప్లేస్’ పేరుతో ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగాన్ని మొదలుపెట్టింది.

దురభిప్రాయం కోర్టు తీర్పుతో పూర్తిగా పోదు. ట్రాన్స్‌జెండర్ల పక్కన కూర్చుని పనిచేసినప్పుడు, వారి చేత వైద్యం చేయించుకున్నప్పుడు పోతుంది. ప్రైవేటు ఆసుపత్రులు వద్దన్న ప్రాచి రాథోడ్, రూత్ జాన్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లను 2022లో ఉస్మానియా ఆసుపత్రి తీసుకుంది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగం గోషామహల్ మైదానంలో పరుగు, లాంగ్‌జంప్ వంటి పరీక్షలు పెట్టి ట్రాన్స్‌జెండర్లను ఎంపిక చేసింది. 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లో చేరారు. 1919 చట్టం ఏ వీధిలో కనబడితే పట్టుకొమ్మందో, ఆ వీధి కూడళ్లలో వారు యూనిఫాంలో నిలబడి వాహనాలు ఆపుతున్నారు.

అయితే ట్రాఫిక్ అసిస్టెంట్ల వంటి హోంగార్డు స్థాయి కొలువులు మొదటి మెట్టు మాత్రమే. కర్ణాటక 2021లోనే ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు ఆదేశించిన రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులన్నిటికీ పూర్తిగా అందాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు కూడా డిగ్రీ ఉన్న ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులను ఇంటర్వ్యూకు పిలవాలి, పేరు మార్చుకున్న సర్టిఫికెట్‌ను అడ్డంకిగా చూడకూడదు.