పేరు కొండది, చెట్టు పరాయిది

జలుబు చేస్తే రుమాలు మీద రెండు చుక్కలు నీలగిరి తైలం వేసుకుంటాం కదూ! ఆ చెట్టు నీలగిరి కొండలది కాదు సుమండీ, ఆస్ట్రేలియాది. దాన్ని ఇక్కడికి రప్పించింది చలి.

నీలగిరి జిల్లా ముఖ్యపట్టణం ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు పైకెక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే కింద మైదానం ఉడికిపోతున్నా పైన శాలువా కావాలి. జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఈ కొండెక్కి, చల్లదనానికి మురిసి ఇల్లు కట్టుకున్నాడు. వెనకే ఊరు వెలిసింది. 1870 నుంచి మద్రాసు ప్రభుత్వమే వేసవికి అక్కడికి తరలేది. అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసు కిందివే కదా! మన బెజవాడ వాళ్లు ఎండకు మాడుతుంటే, వాళ్లను ఏలే దొరలు ఊటీలో చలి కాచుకునేవారన్నమాట.

చలిమంటకి కట్టెలు కావాలి. ఊరు పెరిగినకొద్దీ చుట్టుపక్కల అడవి కరిగింది. త్వరగా ఎదుగుతుందని ఈ పరాయి చెట్టును తెచ్చి, తోడాలు గేదెలు మేపుకునే గడ్డినేలల్లో నాటారు. రెండు రుతుపవనాల వాననూ పట్టి ఉంచి, వాగులకు మెల్లగా వదిలేది ఆ గడ్డే. గేదెలకు మేత తరిగింది, వాగులకు నీరు తరిగింది. కొండ పేరు మాత్రం చెట్టుకు దక్కింది!