జేబులో పాట, పెనంలో రసం

అనకాపల్లి మార్కెట్లో బెల్లానికి ధర పలికేది రంగును బట్టి. పసుపు తేలి మెరిసే దిమ్మకే గిరాకీ. ఆ మెరుపు కోసం కొందరు పెనంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఇంటికి పట్టుకెళ్లే బెల్లాన్ని మాత్రం మా నాన్న రంగు చూసి కొనేవాడు కాదు. దిమ్మ మూల కాస్త విరిచి, వేళ్ల మధ్య నలిపి, నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, అప్పుడు తల ఊపేవాడు. మొన్న మా మేనల్లుడు "మావయ్యా, నా దగ్గరున్న పాటలన్నీ 320వే. వాటికి తగ్గ ప్లేయర్ ఏది కొనమంటావ్?" అని అడిగితే నాకు ఆ విరిచిన మూలే గుర్తొచ్చింది. వాడు చెప్పిన 320 అనే బిట్‌రేట్ అంకె బెల్లం రంగులాంటిది. అసలు పాటకు ఈ అంకె ఎప్పుడు వచ్చి చేరింది, అంతకుముందు మనవాళ్లు ఏం చూసి పాటల పెట్టె కొనుక్కునేవారు అని ఆలోచిస్తూ పోతే, కథ గ్రామఫోన్ దగ్గర తేలింది.

చేత్తో మోసుకెళ్లగలిగిన తొలినాళ్ల పాటల పెట్టె, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్. దాని మీద నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త పైన మోగేది, అంతే. మనకు దగ్గర్లోని విజయనగరం సంగీత కళాశాలను నడిపించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ అలాంటి ప్లేట్ల మీదే ఊరూరా తిరిగింది. కచేరీలో గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాల్లో వినిపించాలంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో విద్వాంసుడే తేల్చుకోవాలి. కుదింపు అనే పని కంప్యూటర్లతో పుట్టిందనుకుంటాం గాని, నిజానికి అప్పుడే మొదలైంది. వదిలేసినదాని గురించి బెంగ కూడా అప్పటిదే. ఆ ప్లేట్లు విన్నవాళ్లు, ఎదురుగా కూర్చుని విన్న కచేరీని తలుచుకుని నిట్టూర్చేవారట.

1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1954లో దానితో నడిచే రీజెన్సీ అనే జేబు రేడియో వచ్చింది. మన దగ్గరికి అది తోలుసంచీ తొడుక్కున్న ట్రాన్సిస్టర్‌గా, పొలం గట్టు మీదికీ గానుగల దగ్గరికీ చేరింది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలైంది, 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చింది. అప్పట్లో రేడియో కొనేవాడు షాపులో అడిగే ప్రశ్న ఒక్కటే: "సిలోన్ పడుతుందా?" మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలు వేసే ఆ స్టేషన్ షార్ట్‌వేవ్‌లో అలల్లా పైకి లేస్తూ, కిందికి జారుతూ వచ్చేది. మీడియం వేవ్‌ది ఇంకో తీరు. 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం దానిలో దాదాపు వినబడదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా అందుకోగలదు. అంటే సుశీల గొంతులోని గాలి, తాళాల మెరుపు సగానికి పైగా దారిలోనే రాలిపోయేవి. అయినా ఆ పాటల్ని జనం నోటికి నేర్చుకున్నారు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చెవి ఎంత తక్కువతోనైనా సర్దుకోగలదన్న సంగతి మీదే తర్వాత వచ్చిన శాస్త్రమంతా నిలబడింది.

విశాఖ కేంద్రం వచ్చిన 1963లోనే ఫిలిప్స్ సంస్థ కాంపాక్ట్ క్యాసెట్‌ను బయటపెట్టింది. స్టూడియోలో టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో పరిగెడితే, క్యాసెట్లో 4.76 సెంటీమీటర్లే. ఎనిమిదో వంతు వేగం, నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని వెడల్పు. అందువల్లే ఆ 'స్స్స్' అనే హోరు. దాన్ని అణచడానికి రే డాల్బీ 1968లో ఒక పద్ధతి తెచ్చాడు గాని, మన ఊళ్లో ఆ మీట ఉన్న పెట్టెలు కొద్దిమంది ఇళ్లలోనే కనబడేవి. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. మన వైపు మాత్రం గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు భుజాన వేసుకొచ్చిన, రేడియో టేపు కలిసిన టూ ఇన్ వన్‌దే రాజ్యం.

క్యాసెట్ కాలం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నాణ్యత అనే మాట మా ఇంట్లో మొదట వినబడింది అప్పుడే. బజారులో రికార్డింగ్ షాపులుండేవి. తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్‌తో సహా ఇచ్చి వస్తే రెండు మూడు రోజులకు సిద్ధం. సి-60 కొనాలా, సి-90 కొనాలా అన్నది పెద్ద చర్చ. 90లో పాటలు ఎక్కువ పడతాయి, కానీ రీలు పలచన, త్వరగా చిక్కుకుంటుంది. చిక్కుకుంటే పెన్సిల్ దూర్చి తిప్పుకోవడమే. తెలిసినవాళ్లు షాపువాణ్ణి ఇంకో మాట కూడా అడిగేవారు: "ప్లేటు నుంచి చేస్తావా, క్యాసెట్ నుంచా?" నకలుకు నకలు తీసిన ప్రతిసారీ హోరు పెరుగుతుంది, పైస్థాయి మొద్దుబారుతుంది. పాట మూలం ఏమిటో అడిగి తెలుసుకునే ఈ అలవాటు ఆ తరానికి ఉంది. తర్వాత మనం పోగొట్టుకున్నది దాన్నే.

నాకు నాణ్యత తెలిసింది ఒక్క సినిమాతో. చేంబోలు సీతారామశాస్త్రి పెరిగింది, పదో తరగతి దాకా చదివింది అనకాపల్లిలోనే. 1986లో కె. విశ్వనాథ్ తీసిన సినిమా పేరే ఆయనకు ఇంటిపేరైంది. ఆ 'సిరివెన్నెల'లో కె.వి. మహదేవన్ సంగీతానికి వేణువు ఊదింది హరిప్రసాద్ చౌరాసియా. మన ఊరి కుర్రాడు రాసిన పాటలని ఆ క్యాసెట్ మా వీధిలో ఇంటింటా ఉండేది. కంపెనీ క్యాసెట్లో వేణువు మొదలయ్యే ముందు ఊపిరి తగిలిన చప్పుడు వినిపించేది. షాపులో చేయించిన నకల్లో స్వరం ఉండేది, ఊపిరి ఉండేది కాదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ కొత్త పెట్టె చేతికొచ్చినా ముందు వెతికేది ఆ ఊపిరినే.

సీడీ 1982లో వచ్చింది. అది శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తుంది. రెండు చానళ్లకూ కలిపి లెక్కగడితే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1411 కేబీపీఎస్. నిమిషం పాటకు సుమారు 10 ఎంబీ. పాటకు బిట్‌రేట్ అనే అంకె వచ్చి చేరింది ఇక్కడే. అప్పటి కంప్యూటర్లకూ టెలిఫోన్ తీగలకూ అది మోయలేని బరువు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఆ బరువు దించే పనిలో ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఆ పనిలోంచి వచ్చిన ప్రమాణం 1992లో ఖరారైంది. 1995 జులైలో దానికి ఎంపీత్రీ అన్న పేరు స్థిరపడింది.

దాని కిటుకు మన జాతరలో నిలబడితే అర్థమవుతుంది. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మొదలవుతుంది. అక్కడ ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఆడేవాళ్లు రేకు తప్పెటను గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతారు. తప్పెట మోగిన క్షణాన పక్కవాడు చెవిలో చెప్పిన మాట మనకు అందదు. మాట ఉంది, చెవే దాన్ని వదిలేసింది. పెద్ద శబ్దం నీడలో చిన్న శబ్దం దాగిపోతుంది. ఎంపీత్రీ పాటను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో అలా నీడలో పడిన శబ్దాలకు బిట్లు తగ్గిస్తుంది, కొన్నిటిని పూర్తిగా తీసేస్తుంది. 128 కేబీపీఎస్ దగ్గర సీడీలో ఉన్నదానిలో పదకొండో వంతు మిగులుతుంది. వంద కిలోల చెరకు ఆడితే పది కిలోలకు కాస్త అటూ ఇటూ బెల్లం దిగుతుందని మా వైపు లెక్క. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. నీరు పోయింది, తీపి మిగిలింది. కానీ బెల్లంలో నీళ్లు పోసినంత మాత్రాన చెరకురసం తిరిగి రాదు.

ఆ పనిలో తప్పెట దెబ్బే పెద్ద పరీక్ష. ఎంపీత్రీ ఒకసారికి 1152 కొలతల్ని, అంటే సెకనులో నలభయ్యో వంతుకు దగ్గరి ముక్కను తీసుకుంటుంది. ముక్క చివర్లో దెబ్బ పడితే, కుదింపు వల్ల పుట్టిన రొద ముక్కంతా పరుచుకుని దెబ్బకు ముందే వినబడుతుంది. తక్కువ బిట్‌రేట్లో మృదంగం చినిగినట్టుండటానికి, గజ్జెలు నీళ్లలో ముంచి మోగించినట్టుండటానికి ఇదో కారణం. మెత్తటి గొంతూ తక్కువ కష్టం పెట్టదు. వాయిద్యాలు లేకుండా సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పాటను బ్రాండెన్‌బర్గ్ తన యంత్రంలో పెట్టి చూస్తే గొంతు పాడైపోయి వచ్చింది. ఆ పాట సరిగ్గా వినిపించేదాకా ఆయన సరిచేస్తూనే ఉన్నాడు. ఆయన అంకెను నమ్మలేదు, బాగా తెలిసిన ఒక్క గొంతును నమ్మాడు.

1998లో కొరియా నుంచి ఎంపీమ్యాన్, ఆ వెంటనే అమెరికా నుంచి రియో వచ్చాయి. రెండింటిలోనూ 32 ఎంబీ, అంటే 128 దగ్గర అరగంట పాటలు. 2001 అక్టోబర్ 23న ఆపిల్ 5 జీబీ ఐపాడ్‌ను చూపించి, జేబులో వెయ్యి పాటలంది. అనకాపల్లిలో ఇవి పత్రికల్లో చదివిన పేర్లే. మన చేతికి ముందు వచ్చింది ఎంపీత్రీ సీడీ. ఒక్క సీడీలో నూట యాభై పాటలు, ఘంటసాల నుంచి కోటి దాకా అన్నీ ఉన్నాయంటే ఎవరు కాదంటారు? ఆ తర్వాత మెమరీ కార్డు ఉన్న ఫోన్లు వచ్చాయి. గోరంత కార్డును షాపువాడికిచ్చి "కొత్తవీ పాతవీ కలిపి ఎక్కించు" అంటే చాలు, పది నిమిషాల్లో వందల పాటలు. విశాఖకు రోజూ రైల్లో పోయొచ్చేవాళ్ల చెవుల్లో ఆ వైర్లే.

అక్కడ జరిగిన నష్టాన్ని మాత్రం దాచను. ఎన్ని పాటలు పడతాయన్నదే బేరమైపోయింది. నేను ఒకసారి కార్డు నింపించుకుని ఇంటికొచ్చి చూస్తే సగం పాటలు 64 కేబీపీఎస్. ఆ షాపు కుర్రాడిది తప్పనలేను, ఎక్కువ పాటలు కావాలని అడిగింది నేనే. పాటల పేర్లు తెలుగులో రాస్తే ఫోన్లలో డబ్బాలుగా కనబడేవి. దాంతో ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాసేవారు. రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు ఎగిరిపోయాయి. సిరివెన్నెల పాట 'ట్రాక్ 07' అయి కూర్చుంది. శబ్దం తగ్గడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

2016 సెప్టెంబర్లో జియో వచ్చాక కార్డులూ పోయాయి. పాట ఇప్పుడు ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, సిగ్నల్ బట్టి దాని బిట్‌రేట్ మారుతుంది. 2017 ఏప్రిల్లో ఫ్రాన్‌హోఫర్ ఎంపీత్రీ లైసెన్సుల పని ముగించింది. 2022 మేలో ఆపిల్ చివరి ఐపాడ్‌ను ఆపేసింది. తక్కువ బిట్లలో ఎక్కువ మేలు చేసే ఏఏసీ, ఓపస్ పద్ధతులు ఎంపీత్రీ చోటు ఆక్రమించాయి. ఏమీ పారేయకుండా మడతపెట్టే ఫ్లాక్ 2001 నుంచే ఉంది, సీడీ పాట అందులో సుమారు సగం జాగాలో ఇముడుతుంది.

ఇక మేనల్లుడి ప్రశ్న. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. సిరివెన్నెల సీడీ నుంచి అదే వేణువును 128లో, 320లో, ఫ్లాక్‌లో చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంకొకరిని వినిపించమన్నాను. 128ని ఇద్దరం పట్టేశాం. 320కీ ఫ్లాక్‌కీ తేడా వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. తర్వాత వాడి '320' పాటల్లో ఒకదాని వర్ణపటాన్ని కంప్యూటర్లో తెరిచాం. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎవరో 128ని తీసుకొచ్చి 320గా మళ్లీ రాశారు. పరిమాణం రెండున్నర రెట్లయింది, పాట మాత్రం పెరగలేదు. హైడ్రోస్ వేసిన దిమ్మే.

అందుకని వాడికి నేను చెప్పిన వరుస షాపులో చెప్పేదానికి తలకిందులుగా ఉంటుంది. ముందు పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. తర్వాత చెవికి సరిగ్గా కూర్చునే ఇయర్‌ఫోన్ మీద డబ్బు పెట్టు. ప్లేయర్ ఆఖరిది. బ్లూటూత్‌లో వింటే పాట గాల్లోకి వెళ్లేముందు మరోసారి కుదించబడుతుంది. మామూలుగా వాడే ఎస్‌బీసీ పద్ధతిలో అది 328 కేబీపీఎస్ దాటదు, కాబట్టి వైరు గుంట ఉన్న పెట్టె దొరికితే వదలకు. మెమరీ కార్డు పట్టాలి, తెలుగు అక్షరాలు చదవాలి, ఫ్లాక్ మోగాలి. బస్సులో వినేదానికి 256 ఏఏసీ చాలు, ఆ హోరులో అంతకన్నా మంచిది పెట్టినా వృథాయే.

భద్రపరిచే విషయానికొస్తే మాత్రం నేను రాజీపడను. సినిమా పాటకు మూలం ఏదో ఒక కంపెనీ దగ్గర ఉంటుంది. మన జముకుల కథలు, తప్పెటగుళ్లు, జాతర పాటలు చాలావాటికి మూలం ఎవరింటి అటక మీదో ఉన్న క్యాసెట్టే. వాటిని ఎంపీత్రీ చేసి, అసలును పారేస్తున్నవాళ్లను చూశాను. ఒక్కసారి, మంచి డెక్ మీద, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, ఫ్లాక్‌లోకి ఎక్కించాలి. ఎంపీత్రీ కావాలంటే దాని నుంచి ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు.

మా ఇంట్లోనూ ఒకటుంది. జాతరలో టూ ఇన్ వన్ మైకుతో మా నాన్న పట్టిన తప్పెటగుళ్లు, సి-90, రెండు వైపులా. పోయిన వేసవిలో మేనల్లుడూ నేనూ దాన్ని ఎక్కించాం. ఒక్కో వైపు 45 నిమిషాలు, కదలకుండా కూర్చున్నాం. హోరు ఉంది, దాన్ని తుడవొద్దన్నాను. బి సైడ్ చివర తప్పెటలు ఆగిపోయాక గజ్జెలు ఒక్కటే కాసేపు నడుచుకుంటూ దూరం వెళ్లాయి. తర్వాత మైకుకు బాగా దగ్గరగా, "అయిపోయిందా, ఇంకా తిరుగుతోందా?" అని మా నాన్న గొంతు. రీలు ఇంకా తిరుగుతూనే ఉంది.