ఊష్మాలూ గరగరలూ: పాత పద్యాల రికార్డుల పరిష్కరణ

మన వ్యాకరణాలలో శ, ష, స, హ అనే నాలుగింటికి ఊష్మములని పేరు. నాదం కంటె ఊపిరి రాపిడి ప్రధానమైన అక్షరాలివి. పాత గ్రామఫోను రికార్డు గాడిలో ముల్లు రాచుకొన్నపుడు పుట్టే గరగర కూడ ఆ జాతి ధ్వనియే. ఈ చుట్టరికం మన పద్యానికి చేసిన కీడు చిన్నది కాదు. పాత రికార్డులను శుభ్రపరచి సీడీల మీద, ఇప్పుడు మళ్లీ వినైల్ మీద వెలువరిస్తున్నారు. ఏది మేలు అని సంగీతప్రియులైన మిత్రులు వాదించుకొంటూ ఉంటారు. ఆ వాదం మొదలుకావలసిన చోట మొదలు కావడం లేదని నా అభిప్రాయం.

కొంచెం వెనుకకు వెళ్లాలి. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట పట్టుకొన్నాడు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి వచ్చేవి. 1908 నుండి కలకత్తాలోనే అచ్చు వేయసాగారు. రికార్డుకు ముడిసరకు లక్క. అది మన దేశపు సరకే. లక్కలో మెత్తని రాతిపొడి కలిపేవారు. ఎందుకంటే ఇనుప ముల్లు తిరగగానే కొంచెం అరిగి గాడి ఆకారానికి ఒదగాలి. అంటే ఆ గరగర తరువాత పట్టిన మురికి కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. దానికి ఏళ్ల తరబడి పడిన గీతలూ దుమ్మూ తోడయ్యాయి.

1925 వరకు మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద బూరలోకి పాడితే ఆ గాలి తాకిడే గాడి గీసేది. ఆ పద్ధతిలో హెచ్చు పౌనఃపున్యాలు పట్టుబడవు. శషసల ఉనికి అంతా అక్కడే గనుక అప్పటి రికార్డులలో సకారం దాదాపు శూన్యం. మనకు వినబడుతున్నట్లే ఉంటుంది. పద్యం కంఠస్థమై ఉండటంచేత చెవి తానే పూరించుకొంటుంది. విద్యుత్తు వచ్చిన తరువాత ఆరేడు వేల హెర్ట్జుల దాకా అందింది. శకార షకారాలు బతికాయి. సకారం సగం బతికింది. పాత ల్యాండు ఫోనులో పేరు చెబితే అవతలివారు 'స'యా 'ఫ'యా అని రెట్టించి అడిగేవారు, గుర్తుందా? అదీ ఇదే కథ.

రంగస్థల పద్యం రికార్డుకెక్కినది ఈ ఇరుకులోనే. పది అంగుళాల రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. నాటకంలో ఒక్క శార్దూలాన్ని పది నిమిషాలు సాగదీసి, ఒన్స్‌మోరు అంటే మళ్లీ పాడే నటుడు, ఇక్కడ ఆలాపన కత్తిరించుకొని రెండు పద్యాలు ముగించాలి. అందుచేత రికార్డులను బట్టి ఆనాటి పద్యపఠనాన్ని అంచనా వేయడం సాహసమే.

వేగం సంగతి మరీ చిక్కు. 78 అని వాడుకే గాని తొలినాటి రికార్డులన్నీ ఆ వేగానికి కట్టుబడినవి కావు. నిమిషానికి 72 చుట్లతో పట్టినదాన్ని 78తో తిప్పితే శ్రుతి ఎనిమిది శాతం పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినవాడు ఒకటిన్నర దాటి వినబడతాడు, గొంతు పలుచబడుతుంది, గమకాలు తొందరపడతాయి. పాతకాలపు నటగాయకుల హెచ్చు శ్రుతిని గురించి మనం చెప్పుకొనే కథలలో కొంత వాటా ఈ లెక్కది కూడ కావచ్చునని నా అనుమానం. పద్యానికి హార్మోనియం తోడుండటం మాత్రం ఒక అదృష్టం. దాని మెట్లు స్థిరం గనుక అది ఏదో ఒక మెట్టుకు సరిగా కుదిరేవరకు వేగం సవరించి చూడవచ్చు. ఓపిక ఉన్న పరిష్కర్త ఆ పని చేస్తాడు. లేనివాడు 78 మీట నొక్కి ఊరుకొంటాడు.

రీమాస్టరింగు అనే మాటకు నేను పరిష్కరణ అనే అంటాను. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు గదా, సరిగా అదే పని ఇది. ఏ ప్రతి మేలైనది? ఏది రాయసగాని తప్పు, ఏది కవి పాఠం? ఏది గరగర, ఏది సకారం? 1988లో కేంబ్రిడ్జిలో పుట్టిన సీడర్ సంస్థ వంటివారి యంత్రాలు వచ్చాక ఈ నిర్ణయం మీటల చేతికి వచ్చింది. యంత్రానికి నాదం తెలుస్తుంది. నాదం లేని రాపిడి అంతా దాని దృష్టిలో మురికి. సున్నితంగా వాడితే గరగర తగ్గుతుంది. దురాశపడితే ఊష్మాలూ, ఖఛఠథఫల ఊపిరీ కలిసి పోతాయి. గ్రంథ పరిష్కర్త తాను తీసివేసిన పాఠాన్ని అడుగున పాఠాంతరంగా చూపుతాడు. సీడీ అట్టమీద అటువంటి అడుగుసూచిక నేనెన్నడూ చూడలేదు.

ఒకే పద్యాల రికార్డింగు నా దగ్గర మూడు రూపాలలో ఉంది: 78, దానినుండి తరువాత వేసిన ఎల్పీ, ఆపై వచ్చిన సీడీ. వెలువరించినవారి పేర్లు అనవసరం. 78లో గరగర దండిగా ఉన్నా ప్రతి అక్షరమూ నిలబడి ఉంటుంది. (దానికి తగిన ముల్లు వాడాలి సుమా. ఎల్పీ ముల్లు సన్నం గనుక వెడల్పైన ఆ గాడి అడుగుకు దిగి మురికినంతా చదువుతుంది.) ఎల్పీ వినసొంపైనదే గాని పక్క చివరకు వచ్చేసరికి సకారాలు బుసకొడతాయి. కారణం గణితమే. పన్నెండు అంగుళాల ఎల్పీ అంచున ముల్లు కింద గాడి సెకనుకు అర మీటరు పరుగెత్తితే లోపలి చుట్లలో అందులో సగమైనా ఉండదు. సూక్ష్మధ్వనులు చోటు చాలక నలుగుతాయి. సీడీకి ఆ బాధ లేదు. మొదలూ చివరా దానికి ఒకటే. 22 వేల హెర్ట్జుల దాకా పట్టగల పాత్ర అది. అంత విశాలమైన పాత్రలో పోసినది మాత్రం వడగట్టిన నీరు. 'శ్రీ' మెత్తబడింది, 'ఛ' 'చ'కు దిగింది. ఆలాపన చివర హార్మోనియం నాదం సన్నగిల్లకుండానే తెగిపోతుంది. రెండు పద్యాల నడుమ నిశ్శబ్దం నూతిలోకి తొంగిచూచినట్లుంటుంది. పద్యపఠన పోటీలకు పిల్లలు ఇటువంటి సీడీలు వినే నేర్చుకొన్నారు. వారి శకారం గురించి ఇక వేరే చెప్పనక్కరలేదు.

సీడీలన్నీ ఇంతే అనుకోవద్దు. 1963లో ఎల్పీగా వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం, ఘంటసాలవారు 1974లో కన్నుమూసిన తరువాత వెలువడిన భగవద్గీత వంటివి లక్క యుగం నాటివి కావు. టేపు మూలమున్న రికార్డింగులకు శుద్ధి అవసరమే తక్కువ. ఘంటసాలవారి గొంతులోనే 78 రికార్డుగా వచ్చిన కరుణశ్రీగారి పుష్పవిలాపం వంటివాటికే పరిష్కర్త చెవి మీద భారమంతా. సినిమా పాటలది మరొక దారి. 1957 నాటి మాయాబజారును గోల్డ్‌స్టోన్ సంస్థవారు రంగులద్ది డీటీఎస్ ధ్వనితో 2010లో విడుదల చేశారు. ఒకే మార్గంలో ఉన్న శబ్దాన్ని అనేక మార్గాలకు పంచడం పరిష్కరణ కాదు, వ్యాఖ్యానం. వ్యాఖ్యానంగా ఆనందించాను, మూలంగా అంగీకరించను.

ఇక కొత్త వినైల్ మోజు. అమెరికాలో 2022లో సీడీల కంటె వినైల్ పలకలే ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తరువాత అదే మొదటిసారి. ఆ ఏడాదే మరొక సంగతి బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ సంస్థవారి పలకలు నేరుగా టేపునుండి గీసినవని రసికులు నమ్మి కొనుక్కొన్నారు. వాటిలో చాలావాటికి 2011 నుండి నడుమ డిజిటల్ మెట్టు ఉన్నదట! అన్నేళ్లూ ఆ పలకలను మెచ్చుకొన్న చెవులు ఆ మెట్టును పట్టలేదు. అందుచేత పాత్ర సీడీయా వినైలా అన్నది రెండవ ప్రశ్న. ఏ ప్రతినుండి, ఎవరి చేత, ఎంత గీకి అన్నది మొదటిది. పైగా మా తుర్కయంజాల్‌లో సాగర్ రోడ్డు లారీల హోరులో సీడీవారి 96 డెసిబెల్ల గొప్ప ఎవరికి వినబడుతుంది!

పాత పద్యాల సీడీ కొనేవారికి నా పరీక్ష ఒకటే. ఊష్మాలు దట్టంగా ఉన్న ఒక పద్యం ఎంచుకొని కళ్లు మూసుకొని విని, వినబడినది వినబడినట్లుగా కాగితంపై వ్రాయండి. మీకు కంఠస్థం కాని పద్యమే కావాలి. అటకమీద లక్క రికార్డులున్నవారు వాటిని కంప్యూటరుకు ఎక్కించేటపుడు, శుభ్రం చేయని నకలు ఒకటి అలాగే అట్టిపెట్టండి. గరగరలతోనే. ఏ వేగంతో తిప్పారో, ఏ ముల్లు వాడారో, రికార్డు మధ్యనున్న చీటీమీద ఏ సంఖ్య ఉన్నదో ఆ ఫైలు పక్కనే వ్రాసి ఉంచండి.